పేగులో దిగి, ఊపిరితిత్తులు తిరిగి, మళ్లీ పేగుకే

ఏటా ఫిబ్రవరిలోనూ ఆగస్టులోనూ హైదరాబాద్‌లో ఎర్రమంజిల్, అమీర్‌పేట చుట్టుపక్కల బడుల్లో, అంగన్‌వాడీల్లో పిల్లల చేత తలా ఒక మాత్ర నమిలిస్తారు. ఆల్బెండజోల్, 400 మిల్లీగ్రాములు. రెండేళ్లు నిండని వాళ్లకు అందులో సగం. 2015లో మొదలైన నులిపురుగుల నివారణ దినం దేశమంతటా ఇలాగే సాగుతుంది. ఏడాది వయసు నుంచి పంతొమ్మిదేళ్ల దాకా, కడుపులో పురుగులున్నాయో లేవో చూడకుండానే, అందరికీ మందు. పనిచేసే మందే. పేగులో కాపురం పెట్టిన ఏలికపాము దీని దెబ్బకు చచ్చి మలంతో పాటు బయటపడుతుంది. అయితే సరిగ్గా ఆ రోజునే ఆ పిల్లవాడి కాలేయంలో కొన్ని, ఊపిరితిత్తుల్లో కొన్ని ఏలికపాము లార్వాలు తిరుగుతూ ఉండవచ్చు. వాటి మీద ఈ ఒక్క మాత్ర ప్రభావం అంతంతమాత్రమే.

అవి అక్కడికెందుకు వెళ్లాయన్నది జీవశాస్త్రంలో ఒక పాత చిక్కుముడి. ఏలికపాము గుడ్డు మట్టి చేతులతోనో కడగని కూరతోనో నోట్లోకి పోతుంది, చిన్నపేగులో పగులుతుంది. పెద్దయ్యాక అది బతకాల్సింది కూడా ఆ చిన్నపేగులోనే. అంటే దిగాల్సిన చోటే దిగింది. అయినా అక్కడ ఆగదు. పేగు గోడ తొలుచుకుని రక్తంలో పడి, కాలేయం మీదుగా గుండెకు, గుండె నుంచి ఊపిరితిత్తులకు చేరి, గాలిగదుల్లోకి చొచ్చుకుని, శ్వాసనాళం వెంట గొంతు దాకా పాకి, మనం కఫం మింగినప్పుడు దానితో కలిసి మళ్లీ పేగులోకి జారుతుంది. ఇదంతా రెండు వారాల పని. ఇంటి గుమ్మంలో అడుగుపెట్టినవాడు లోపలికి రాకుండా ఊరంతా చుట్టి మళ్లీ అదే గుమ్మానికి వచ్చినట్టు.

ఈ చుట్టుతిరుగుడు గురించి నూరేళ్లలో తెలిసిందేమిటో, తేలనిదేమిటో ఒకసారి సమీక్షించుకోవడానికి ఎర్రమంజిల్ అనువైన చోటు. ఇక్కడి నుంచి నాలుగడుగులు వేస్తే పంజగుట్ట నిమ్స్. 1964లో ఎముకల ఆసుపత్రిగా మొదలైన ఆ చోటికి ఇవాళ రెండు రాష్ట్రాల నుంచీ ఫిట్స్ రోగులు వస్తారు. ఇటు బంజారాహిల్స్‌లో ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి. అటు బేగంపేటలో, 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసిన భవనం. పురుగుల కథలో ఈ మూడింటికీ వాటా ఉంది. ముందుగానే చెబుతున్నాను, నా అభిప్రాయం ఇది: మన వైద్యం ఎక్కువగా పురుగు పేరు అడుగుతుంది, మలంలో గుడ్లు లెక్కపెడుతుంది. జబ్బు మాత్రం చాలాసార్లు దారిలో పుడుతుంది. పురుగు ఏదన్నది ఎంత ముఖ్యమో, అది దారిలో ఎక్కడుందన్నదీ అంతే ముఖ్యం.

ఈ దారిని మొదట చూసినవాడు ఇండియన్ మెడికల్ సర్వీసుకు చెందిన స్టీవర్ట్ అనే వైద్యాధికారి. 1916లో హాంకాంగ్‌లో ఎలుకలకు ఏలికపాము గుడ్లు తినిపించి కోసి చూస్తే లార్వాలు ఊపిరితిత్తుల్లో కనిపించాయి. చూసింది నిజమే కానీ అర్థం చేసుకున్నది తప్పు. ఎలుక మధ్యవర్తి జంతువనీ, అందులో కొంత పెరిగాకే పురుగు మనిషికి చేరుతుందనీ అనుకున్నాడు. మధ్యవర్తి ఎవరూ లేరనీ, ఒకే ఒంట్లో ఈ తిరుగుడంతా జరుగుతుందనీ కొన్నేళ్లలో ఇతరులు తేల్చారు. మనిషి విషయంలో సందేహం మిగలకుండా చేసినవాడు జపాన్ వైద్యుడు కోయినో షిమెసు. 1922లో తానే రెండు వేల గుడ్లు మింగాడు. తమ్ముడి చేత పంది ఏలికపాము గుడ్లు మింగించాడు. కొద్ది రోజులకే జ్వరం, ఆయాసం, న్యుమోనియా లాంటి అవస్థ. కఫం తీసి సూక్ష్మదర్శిని కింద పెడితే అందులో లార్వాలు కదులుతున్నాయి. ఆ తరువాత పురుగుల మందు వేసుకుంటే ఆరు వందలకు పైగా కుర్ర పురుగులు పడ్డాయి. అన్నదమ్ములిద్దరూ బతికి బట్టకట్టారు. పదేళ్ల తరువాత, 1932లో, స్విట్జర్లాండ్‌లో లోఫ్లర్ అనే వైద్యుడు కొందరి ఎక్స్‌రేల్లో నేడు కనబడి వారానికి మాయమయ్యే మచ్చలను, వాళ్ల రక్తంలో పెరిగిన ఇస్నోఫిల్ అనే తెల్లకణాలను కలిపి వర్ణించాడు. ఆ మచ్చల్లో చాలా భాగం దారిన పోతున్న లార్వాల వల్ల వచ్చినవేనని తరువాత తెలిసింది.

గుడ్డులోంచి వచ్చేటప్పుడు లార్వా పొడవు మిల్లీమీటరులో పావు వంతు. ఊపిరితిత్తులు దాటేసరికి ఒకటిన్నర మిల్లీమీటరు. అంటే తిరుగుడులోనే అది ఐదారు రెట్లు పెరుగుతోంది. ఈ అంకెను గుర్తుంచుకోవాలి, తరువాత పనికొస్తుంది.

కొంకి పురుగు దారి ఇంకోలా మొదలవుతుంది. ఇది నోటి నుంచి కాదు, ఎక్కువగా పాదం నుంచి ఎక్కుతుంది. ఈ సంగతి తెలిసింది ఒక పొరపాటు వల్ల. 1898లో కైరోలో ఆర్థర్ లూస్ అనే జర్మన్ శాస్త్రవేత్త లార్వాలున్న నీటిచుక్కను చేతి మీద ఒలకబోసుకున్నాడు. చర్మం మండి, ఎర్రబడింది. తుడవబోయి ఆ తడిని చూస్తే అందులో లార్వాల ఖాళీ తొడుగులే మిగిలాయి. కొన్ని వారాలకు ఆయన మలంలోనే కొంకి పురుగు గుడ్లు కనిపించాయి. ఆ తరువాత లూస్ చేసిన పని ఇవాళ ఏ వైద్య సంఘమూ ఒప్పుకోదు. ఎలాగూ తీసేయబోతున్న ఒక కుర్రవాడి కాలి మీద గంట ముందు లార్వాలు వేసి, తీసేసిన కాలిని కోసి చూశాడు. వెంట్రుకల కుదుళ్ల వెంట లార్వాలు లోపలికి దిగుతున్నాయి.

పొలం గట్టు మీద ఉత్తకాళ్లతో నడిచేవాళ్లకు తొలకరి తరువాత కాలివేళ్ల సందుల్లో వచ్చే దురదలో కొంత ఈ కొంకి పురుగుదే. చర్మం దాటాక దాని దారి ఏలికపాము దారిలో కలుస్తుంది: సిరల వెంట గుండెకు, ఊపిరితిత్తులకు, గొంతుకు, పేగుకు. అక్కడ గోడకు కరుచుకుని రక్తం తాగుతుంది. ఆంకిలోస్టోమా అనే రకం రోజుకు ఐదో వంతు మిల్లీలీటరు దాకా తాగుతుంది. వంద పురుగులుంటే లెక్క మీరే వేసుకోవచ్చు. మన పల్లె ఆడవాళ్ల రక్తహీనతలో దీని వాటాను తిండిలేమి ఖాతాలో వేసి ఊరుకోవడం మనకు అలవాటైపోయింది.

బెంగాల్‌లో ఈ పురుగును ఏళ్ల తరబడి చూసిన షాడ్, ఆయన సహచరులు 1973లో ఒక వింత సంగతి బయటపెట్టారు. వానాకాలం పోతూ ఉండగా ఒంట్లో దిగిన లార్వాలు కొన్ని వెంటనే ఎదగవు. నెలల తరబడి నిద్రపోయి, మళ్లీ వానలు దగ్గరపడే వేళకు లేచి పేగులో పెద్దవై గుడ్లు పెడతాయి. ఎండాకాలం గుడ్డు పెడితే అది మట్టిలో ఎండిపోతుంది. బయటి ఋతువు లోపలి పురుగుకు ఎలా తెలుస్తుందన్నది ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. కానీ దీని వల్ల ఒకటి స్పష్టం. దారి అంటే చోట్ల వరస ఒక్కటే కాదు, కాలం లెక్క కూడా. ఎక్కడ ఎంతసేపు ఆగాలో కూడా ఆ లార్వాలో రాసి ఉంది.

ఇక అసలు ప్రశ్న. పేగులోనే దిగిన ఏలికపాముకు ఈ తిరుగుడెందుకు?

పాత జవాబు వంశచరిత్రది. ఏలికపాము పూర్వీకులు కొంకి పురుగులాగే చర్మం నుంచి ఎక్కేవనీ, లేదా వాటికి ఒకప్పుడు నిజంగానే మధ్యవర్తి జంతువు ఉండేదనీ, ఇప్పుడు అవసరం తీరిపోయినా దారి మాత్రం అలవాటుగా మిగిలిందనీ ఈ వాదం. వినడానికి బాగుంటుంది. కానీ ప్రతి అడుగులోనూ ప్రాణగండమున్న ప్రయాణాన్ని, వేల లార్వాలలో ఎన్నో దారిలోనే చస్తున్నా, కోట్ల ఏళ్ల పాటు ఉత్త అలవాటు కొద్దీ మోసుకొస్తుందంటే నమ్మబుద్ధి కాదు. ప్రకృతి అంత దుబారా మనిషి కాదు.

1995లో ఆండ్రూ రీడ్, ఆర్నె స్కార్పింగ్ అనే పరిశోధకులు ఈ వాదాన్ని గట్టిగానే కుదిపారు. పేగులో బతికే గుండ్రటి పురుగుల జాతులను దగ్గరి చుట్టాలతో పోల్చి చూశారు. ఒకటి కణజాలాల్లో తిరిగి వచ్చేది, ఇంకొకటి పేగులోనే ఉండిపోయేది. తిరిగి వచ్చే జాతులు పెద్దవిగా ఉన్నాయి. పురుగు పెద్దదైతే గుడ్లు ఎక్కువ. ఏలికపాము ఆడపురుగు అడుగు పొడవు దాకా పెరిగి రోజుకు రెండు లక్షల గుడ్లు పెడుతుంది. కాలేయంలో, ఊపిరితిత్తుల్లో లార్వాకు మంచి తిండి, మంచి ఆక్సిజన్ దొరుకుతాయి, పేగులోని ఒరిపిడి, జీర్ణరసాలు అక్కడ ఉండవు. ఇందాక చెప్పిన ఒకటిన్నర మిల్లీమీటరు అంకె ఇక్కడికి వచ్చి కూర్చుంటుంది. 2005లో మల్కాహి బృందం ఇంకో కోణం జోడించింది. ఒకే చోట ఉండిపోయే శత్రువు మీద రోగనిరోధక శక్తి సులువుగా గురి కుదురుస్తుంది, కదులుతూ పోయేదాని మీద కుదరదు. తెల్లకణాలు వచ్చి చేరేసరికి లార్వా ఆ చోటు ఖాళీ చేసి ఉంటుంది. నా మటుకు నాకు రెండో వాదమే బలంగా కనిపిస్తుంది. మూడోది దానికి తోడు. మొదటిదాన్ని పూర్తిగా కొట్టిపారేయలేం కానీ, అది దారి మొదలును చెబుతుంది తప్ప దారి ఎందుకు నిలిచిందో చెప్పదు.

ఎందుకన్నది ఒకటైతే, ఎలా అన్నది ఇంకొకటి. చీకటి ఒంట్లో కళ్లు లేని జీవి ఊపిరితిత్తులను ఎలా పట్టుకుంటుంది? మట్టిలో ఉన్నంతవరకూ కొంకి పురుగు లార్వాకు దారి చూపేవి ఒంటి వేడి, చర్మం మీది కొవ్వు ఆమ్లాలు, ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్. లోపల కూడా అలాంటి వాసనల జాడే ఉంటుందని చాలామంది వెతికారు. మైఖేల్ సుఖ్‌దేవ్ అనే పరిశోధకుడు దీనికి అడ్డం తిరిగాడు. ఆయన వాదన ప్రకారం ఒళ్లు అనేది మట్టిలా ఎప్పుడెలా ఉంటుందో తెలియని చోటు కాదు. పేగు తరువాత కాలేయం, కాలేయం తరువాత గుండె, తరతరాలుగా వరస మారదు. వరస మారనప్పుడు వెతుకులాట అక్కర్లేదు. ఒక గుర్తు తగలగానే ఒక పని చేయడం, ఇంకో గుర్తు తగలగానే ఇంకో పని చేయడం, ఇంతే చాలు. గొర్రెలు, గేదెల కాలేయాన్ని తినే కార్జపు జలగ పిల్ల పేగు గోడ దాటి, పొట్ట ఖాళీలో పడి, కాలేయం తగిలేదాకా పాకి, తగలగానే తొలవడం మొదలుపెడుతుంది. అది కాలేయాన్ని వాసన పట్టి పోతోందని గట్టి రుజువు లేదు.

ఈ వాదం నిజమైతే ఒక పర్యవసానం ఉంది. వరస తెలిసిన ఒంట్లో లార్వా తప్పిపోదు. పరాయి ఒంట్లో పడితే మాత్రం గుర్తులు సరిపోవు, ఆగాల్సిన చోట ఆగదు. దానికి మన వీధి కుక్కే సాక్ష్యం. కుక్కపిల్లల్లో దాదాపు పుట్టుకతోనే ఉండే టాక్సోకారా అనే ఏలికపాము రకం తల్లి ఒంట్లో నిద్రపోతున్న లార్వాల నుంచి వస్తుంది. తల్లి చూలుకట్టినప్పుడు అవి మేలుకుని మాయ దాటి పిల్లల్లోకి పోతాయి. కుక్క ఒంట్లో ఇంత లెక్కగా నడిచే ఈ లార్వా, మట్టిలో ఆడే పిల్లవాడి నోట్లో గుడ్డుగా పడి పగిలితే, పేగుకు తిరిగిరాదు, పెద్దదీ కాదు. నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి కాలేయంలో, ఊపిరితిత్తుల్లో, కంట్లో తిరుగుతూనే ఉంటుంది. 1950లో హెలెనార్ వైల్డర్ అనే అమెరికన్ పరిశోధకురాలు, క్యాన్సర్ అనుమానంతో పిల్లల నుంచి తీసేసిన కళ్లు కొన్నిటిని పొరలు పొరలుగా కోసి చూస్తే సుమారు సగం కళ్లలో పురుగు లార్వాలో, వాటి ఆనవాళ్లో దొరికాయి. కన్ను పోయింది, క్యాన్సర్ లేదు. రెండేళ్లకు న్యూ ఆర్లీన్స్‌లో పాల్ బీవర్ బృందం కుక్క టాక్సోకారా లార్వాను పిల్లల కాలేయంలో గుర్తించింది. పిల్లల మలంలో ఎన్నిసార్లు వెతికినా దీని గుడ్డు దొరకదు. దొరకడానికి పురుగు పేగుకు చేరితే కదా.

ఇప్పుడు మన సొంత కథ. తెలుగు నేల మీద దారితప్పిన పురుగు కన్నా, దారి ప్రకారమే నడిచే పురుగే ఎక్కువ మందిని మంచాన పడేసింది. అది బోదకాలు పురుగు, ఫైలేరియా.

దోమ కుట్టినప్పుడు ఫైలేరియా లార్వా నేరుగా రక్తంలోకి ఎక్కదు. దోమ ముట్టె నుంచి చర్మం మీద పడి, కుట్టిన రంధ్రం లోంచి తానే పాక్కుంటూ దిగుతుంది. అక్కడి నుంచి లింఫ్ నాళాలకు చేరి, ఆరు నెలల నుంచి ఏడాది లోపు బెత్తెడు పొడవున దారంలా పెరిగి, ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది. అది కనే మైక్రోఫైలేరియాలు రక్తంలో తిరుగుతాయి. తిరగడంలోనూ వాటికో వేళ. పగలు ఊపిరితిత్తుల రక్తనాళాల్లో దాక్కుని, రాత్రి పదికి అటూ ఇటూగా చేతి వేలి రక్తంలోకి వస్తాయి. అది క్యూలెక్స్ దోమ కుట్టే సమయం. అందుకే ఫైలేరియా సిబ్బంది మన ఊళ్లకు అర్ధరాత్రి లైట్లు పట్టుకుని రక్తం తీయడానికి వచ్చేవాళ్లు. నిద్రలోంచి లేపి సూది పొడిస్తే జనం తిట్టుకునేవాళ్లు. పగలు పొడిస్తే పురుగు చిక్కదు. ఈ పగటి దాగుడు గురించి ఎక్కువగా పరిశోధించినవాడు ఫ్రాంక్ హాకింగ్. భౌతికశాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ తండ్రి. ఊపిరితిత్తుల్లోని ఆక్సిజన్ హెచ్చుతగ్గులకు మైక్రోఫైలేరియాలు స్పందిస్తాయని ఆయన చూపించాడు.

దోమలో ఈ పురుగు ఎదుగుతుందని 1877లో చైనాలోని అమోయ్‌లో ప్యాట్రిక్ మాన్సన్ కనిపెట్టాడు. కానీ దోమ నుంచి మనిషికి ఎలా చేరుతుందో ఆయనకు అందలేదు. దోమ నీళ్లలో పడి చస్తుందనీ, ఆ నీళ్లు తాగి జనం పురుగును తెచ్చుకుంటారనీ ఊహించాడు. మలేరియాకూ దోమే కారణం కావచ్చని రాస్‌కు నూరిపోసింది ఆయనే. ఆ నూరిపోత బేగంపేటలో ఫలించాక, ఫైలేరియా లార్వా దోమ ముట్టెలోనే ఉంటుందని 1900లో జార్జ్ లో అనే వైద్యుడు నిరూపించాడు. మన హైదరాబాద్ ఈ వరసలో మలేరియా ద్వారా చేరింది, నిజమే. ఫైలేరియాలో తెలుగు వాటా ఇంకా సూటిగా ఉంది. ఆ కథ మదనపల్లెలో మొదలవుతుంది.

మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో మిషనరీలు కట్టిన క్షయ శానటోరియం. దాని అధిపతి డెన్మార్క్ వైద్యుడు ఫ్రిమోట్ మొల్లర్. క్షయ అని పంపిన రోగుల్లో కొందరి తీరు వేరుగా ఉండేది. దగ్గు, ముఖ్యంగా రాత్రిళ్లు. ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల నిండా చిన్నచిన్న మచ్చలు. కఫంలో క్షయ క్రిమి మాత్రం లేదు. రక్తంలో ఇస్నోఫిల్ కణాలు విపరీతం. 1940లో ఆయన, బార్టన్ కలిసి దీన్ని క్షయలా కనిపించే వేరే జబ్బుగా వర్ణిస్తూ ఇండియన్ మెడికల్ గెజిట్‌లో రాశారు. మూడేళ్లకు వీన్‌గార్టెన్ అనే వైద్యుడు లాన్సెట్ పత్రికలో రాసి ‘ట్రాపికల్ ఇస్నోఫీలియా’ అని పేరు పెట్టాడు. పేరు ఆయనది స్థిరపడింది, ఆరోగ్యవరం వెనక్కి పోయింది. ఆర్సెనిక్ మందు ఇస్తే తగ్గుతోందని కూడా వీన్‌గార్టెన్ చెప్పాడు. కారణం మాత్రం ఎవరికీ తెలియదు. 1960లో వెల్లూరు వైద్యులు వెబ్, జాబ్, గాల్ట్ ఇలాంటి రోగుల ఊపిరితిత్తి ముక్కలు పరీక్షించి వాటిలో మైక్రోఫైలేరియాలు చూపించారు. వీళ్ల రక్తంలో రాత్రి వెతికినా అవి కనబడవు. పగలు దాక్కోవడానికి వచ్చిన చోటే వాటిని ఒళ్లు పట్టేసి చంపుతోంది. ఆ యుద్ధమే దగ్గు, ఆయాసం. మామూలు బోదకాలు రోగి ఒళ్లు ఈ పురుగులను ఏళ్ల తరబడి చూసీచూడనట్టు ఊరుకుంటుంది. ఇక్కడ ఊరుకోకపోవడమే జబ్బు.

ఇవాళ అమీర్‌పేట ల్యాబులో ఇస్నోఫిల్స్ కాస్త ఎక్కువని వస్తే చాలు, ఇస్నోఫీలియా అనే మాట ఇల్లంతా వినిపిస్తుంది. ఆ మాట కింద అలర్జీ, ఉబ్బసం, పేగు పురుగులు అన్నీ కలిసిపోతాయి. ఆరోగ్యవరం వాళ్లు చూసిన జబ్బులో ఆ కణాలు మైక్రోలీటరుకు మూడు వేలు దాటి ఉంటాయి. తేడా చెప్పని రిపోర్టు వల్ల ఉబ్బసం మందుల మీద ఏళ్లు గడిపేవాళ్లు ఉంటారు.

మందు కూడా తెలుగువాడి ప్రయోగశాల నుంచే వచ్చింది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనకు నాయకత్వం వహిస్తున్న రోజుల్లో, 1947లో, ఆయన బృందం డైఇథైల్ కార్బమజీన్ తెచ్చింది. దాని మార్కెట్ పేరు హెట్రజాన్. బోదకాళ్ల గోదావరి డెల్టాలో పెరిగినవాడు బోదకాలు మందు కనిపెట్టడం అందంగా కనిపిస్తుంది కానీ, అది ఊరి మీది బెంగతో పుట్టిన మందని చెప్పడానికి నేను సిద్ధంగా లేను. ఎలుకల్లోని ఒక ఫైలేరియా మీద రసాయనాలు వరసగా పరీక్షిస్తూ పోతే దొరికిన మందది. మరుసటి ఏడాదే సుబ్బారావు పోయారు. ఈ మందులో ఒక వింత ఉంది. గాజు గిన్నెలో మైక్రోఫైలేరియాలు వేసి మందు కలిపితే అవి దర్జాగా కదులుతూనే ఉంటాయి. అదే మందు మనిషి మింగితే ఒంట్లో గబగబా మాయమవుతాయి. మందు ఒక్కటే చంపదు, ఒంటి రక్షణ శక్తికి పురుగును పట్టిస్తుంది. ఆరోగ్యవరం జబ్బుకూ ఇదే మందు, మూడు వారాలు వాడితే చాలామందికి దగ్గు తగ్గుతుంది.

ఊరంతటికీ మందు పంచే కార్యక్రమం మన జిల్లాల్లో ఏళ్లుగా సాగుతోంది. ఇప్పుడు కొన్ని చోట్ల మూడు మందులు కలిపి ఇస్తున్నారు. దేశం పెట్టుకున్న గడువు 2027. కానీ ఒకసారి లింఫ్ నాళాలు పాడై కాలు బోదెక్కాక ఏ మాత్రా దాన్ని వెనక్కి తేలేదు. తెలంగాణలో 2018 నుంచి బోదకాలు బాధితులకు పింఛను ఇస్తున్నది అందుకే.

నారికురుపు సంగతి క్లుప్తంగా చెబితే చాలు, ఎందుకంటే అది ఇప్పుడు మనకు లేదు. దిగుడు బావి నీటిలోని సన్నటి నీటిఈగతో పాటు లార్వా కడుపులోకి పోయి, పేగు దాటి, పొట్ట వెనక కణజాలంలో జతకట్టి, మగది చచ్చి, ఆడది ఏడాది పాటు చర్మం కింద కాళ్ల వైపు దిగుతుంది. పాదంలో బొబ్బ ఎత్తి పగిలితే తెల్లటి దారం తల బయటపెడుతుంది. పుల్లకు చుట్టి రోజుకు కొన్ని అంగుళాల చొప్పున, మీటరు దాకా ఉండేదాన్ని వారాల పాటు లాగేవాళ్లు. తెగితే కాలు చీము పట్టేది. దీనికి మందు లేదు, టీకా లేదు. అయినా పోయింది. దిగుడు బావులను చేదబావులుగా మార్చారు, బోర్లు వేశారు, నీళ్లు గుడ్డతో వడగట్టించారు. ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఏడు రాష్ట్రాల్లో ఉన్న ఈ జబ్బు చివరి కేసు 1996లో రాజస్థాన్‌లో వచ్చింది. 2000లో దేశానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపత్రం ఇచ్చింది. ఎర్రమంజిల్‌లో నీటి శాఖల కార్యాలయాలు కొలువై ఉన్నాయి. పురుగు ప్రయాణాన్ని పూర్తిగా ఆపిన ఒకే ఒక్క సందర్భంలో ఆ పని చేసింది డాక్టరు కన్నా ఎక్కువగా నీటి ఇంజనీరే.

ఒంట్లోనే ప్రయాణాన్ని మళ్లీమళ్లీ మొదలుపెట్టే పురుగు ఇంకొకటి ఉంది, స్ట్రాంగిలాయిడిస్. దీని లార్వాలు కొన్ని బయటికి పోకుండా పేగులోంచే తిరిగి రక్తంలోకి దూరి, పాత చుట్టునే మళ్లీ తిరుగుతాయి. దానివల్ల ఒకసారి సోకితే దశాబ్దాలు ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా రైలు మార్గం మీద పనిచేసిన సైనికుల్లో నలభై ఏళ్ల తరువాత కూడా దొరికింది. మామూలుగా మౌనంగా ఉంటుంది. కిడ్నీ మార్పిడికో ఉబ్బసానికో ఎక్కువ మోతాదులో స్టెరాయిడ్ పడితే లార్వాలు కట్టు తెంచుకుని ఒళ్లంతా పాకి ప్రాణం మీదికి తెస్తాయి. ఆల్బెండజోల్ ఒక్క మాత్రకు ఇది లొంగదు, ఐవర్‌మెక్టిన్ కావాలి. అవయవ మార్పిళ్లు జరిగే నగరంలో, వీధి చివర ఆర్‌ఎంపీ కూడా స్టెరాయిడ్ రాసే నగరంలో దీని గురించి మనం మాట్లాడుకునేది చాలా తక్కువ.

చివరిగా నిమ్స్ న్యూరాలజీ ఓపీకి వెళ్దాం. నిన్నటి దాకా బాగున్న కుర్రవాడికి హఠాత్తుగా ఫిట్స్. ఎంఆర్‌ఐలో మెదడు పైపొరలో శనగగింజ కన్నా చిన్న వలయం, లోపల ఒక పక్కగా చుక్క. ఆ చుక్క బద్దెపురుగు లార్వా తల. పక్కనున్న పెద్దావిడ వెంటనే అంటుంది, క్యాబేజీ తిన్నాడు, పురుగు మెదడుకెక్కిందని. క్యాబేజీలో కనబడే ఆకుపచ్చ పురుగుకు ఏ పాపమూ తెలియదు. తప్పు ఉంటే ఆకు మీద కంటికి కనబడని బద్దెపురుగు గుడ్డుది. పొడవు మిల్లీమీటరులో ముప్పయ్యో వంతు. అది వచ్చింది మనిషి మలం నుంచి. సరిగ్గా ఉడకని పందిమాంసం తిన్నవాడి పేగులో బద్దెపురుగు పెరుగుతుంది. వాడి చేతి నుంచో, వాడి మలం కలిసిన నీటి నుంచో గుడ్డు మింగినవాడి మెదడులో లార్వా చేరుతుంది. రెండోవాడు పందిమాంసం ముఖం కూడా చూసి ఉండకపోవచ్చు. ఈ దారిలో మనిషి చేస్తున్నది పంది పాత్ర. గుడ్డు పగిలి, ఆరు కొక్కేల పిల్ల పేగు గోడ తొలిచి, రక్తంలో కొట్టుకుపోయి కండలోనో మెదడులోనో సన్నటి నాళంలో ఆగుతుంది. ఆగినచోట బుడగ కట్టుకుని ఏళ్లు మౌనంగా ఉంటుంది. మన దేశం నుంచి తిరిగి వెళ్లిన బ్రిటిష్ సైనికులు 450 మందిని అనుసరించి డిక్సన్, లిప్స్‌కూంబ్ 1961లో రాసిన నివేదిక ప్రకారం మొదటి ఫిట్స్ చాలామందిలో కొన్నేళ్లకు వచ్చాయి, కొందరిలో ఇరవై, ముప్పై ఏళ్లకు కూడా. బతికి ఉన్నంతకాలం లార్వా తన చుట్టూ ఉన్న మెదడును శాంతపరిచి ఉంచుతుంది. చచ్చేటప్పుడే వాపు, ఫిట్స్.

కనుక ఇక్కడ వైద్యుడి సందిగ్ధం మామూలుది కాదు. మందుతో లార్వాను చంపితే వాపు పెరుగుతుంది. అందుకే ముందు ఫిట్స్ మందు, స్టెరాయిడ్ ఇచ్చి, ఆ తరువాతే బరువును బట్టి ఆల్బెండజోల్ రోజుల తరబడి ఇస్తారు. ఒకే ఒక్క చిన్న గడ్డ ఉంటే అది దానంతట అదే కరిగిపోవడం చాలా మామూలని వెల్లూరులో రాజశేఖర్, చాందీ బృందం చూపించింది. అంతకుముందు క్షయ గడ్డ అనుకుని ఎందరికో తల తెరిచారు, ఎందరికో నెలల తరబడి క్షయ మందులు మింగించారు. బడిలో పంచే మాత్ర కూడా, ఎవరి మెదడులోనైనా తెలియకుండా దాగిన లార్వా ఉంటే, అరుదుగా ఫిట్స్ తెప్పించిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. పంచడం ఆపమని కాదు, పంచేవాళ్లకు ఇది తెలిసి ఉండాలి. ఇంకొక జాగ్రత్త కూడా ఉంది. లార్వా మెదడులో ఉన్నవాడి కంట్లోనూ ఉండవచ్చు. కంటి కండరాల్లోని ఈ బుడగల గురించి ఎల్.వి.ప్రసాద్ వైద్యులు 1990ల్లోనే రాశారు. కంటి లోపల బతికి ఉన్న లార్వాను మాత్రతో చంపితే ఆ వాపుకు చూపు పోతుంది, దాన్ని ఆపరేషన్ చేసి తీయాలి. అందుకే మెదడు పురుగుకు చికిత్స మొదలుపెట్టే ముందు రోగిని కంటి డాక్టరు దగ్గరికి పంపి, కనుపాప విప్పే చుక్కలు వేయించి, లోపలి పొర దాకా చూపిస్తారు. మొదటి మాత్ర ఆ తరువాతే.